పదిహేడో నంబరు గుండె

యూనివర్సిటీ ల్యాబు నుంచి ప్రొఫెసరమ్మ ఆ మధ్యాహ్నం రెండు ఫోన్లు చేసింది. ఒకటి పోలీసులకి, ఒకటి నాకు. పోలీసులు పదిహేను నిమిషాల్లో వచ్చారు. నాకు గంట పట్టింది. ఈ తేడా పట్టుకుని మా బావ నన్ను ఎన్ని ఆదివారాలు దెప్పుతాడో లెక్క వేసుకుంటూ మెట్లెక్కుతున్నాను. రెండో అంతస్తు మలుపులో ఆయనే ఎదురయ్యాడు. ఒక చేత్తో రెయిలింగు పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మాట్లాడడం లేదు, వింటున్నట్టూ లేదు.

"వచ్చావా బామ్మర్దీ? కేసు అయిపోయింది. సంతకాలే మిగిలాయి," అన్నాడు ఫోను దించి.

బావ ఇన్‌స్పెక్టరు. ఇదే యూనివర్సిటీలో నేను మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్పడం మానేసి డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నప్పటి నుంచి నా వృత్తిని ఆయన దాగుడుమూతలంటాడు, ఆయన వృత్తిని నేను తాళాలు వేసే ఉద్యోగమంటాను. ప్రతి ఆదివారం అక్క వడ్డిస్తుంటే ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆ మాటలే మళ్లీ మళ్లీ అనుకుంటాం. ఒక్కణ్ణే ఉంటాను కాబట్టి, వారంలో నేను గొంతు పెంచి మాట్లాడేది ఆ రెండు గంటలే.

ఇంత చిన్న కేసుకి సబ్‌ఇన్‌స్పెక్టర్ని పంపకుండా నువ్వెందుకొచ్చావని అడిగాను. పనిలేక వచ్చానన్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి గడియారం చూసుకున్నాడు. రెండూ పది. మోచేతి లోపలివైపు గుండ్రటి మచ్చ కనిపించింది. స్కూటరు సైలెన్సరు అంటుకుందని ఆరు నెలల క్రితం చెప్పాడు. సైలెన్సరు పిక్కని కాలుస్తుంది గాని మోచేతిని కాల్చడం నీ ఒక్కడికే సాధ్యం బావా అని అప్పుడు వెక్కిరించాను. అక్క కూడా నవ్వింది.

మూడో అంతస్తు తలుపు దగ్గర గార్డు ఉన్నాడు. ఒకటీ పది నుంచి ఆ అంతస్తు దిగి ఎవరూ వెళ్లలేదు.

పోయిన వస్తువు బొటనవేలంత ఉంటుంది. మెత్తగా, అద్దంలా ఉండే ముక్క. దాని లోపల వెంట్రుక మందాన కాలువలు, కాలువల మధ్య రెండు బుల్లి గదులు, ఆ గదుల్లో కొట్టుకుంటూ ఉండే గుండె కండరం. ఒక మనిషి నుంచి గోరంత చర్మం తీసుకుని, ఆ కణాలు తాము చర్మమన్న సంగతి మరిచిపోయేలా చేసి, గుండెగా పెరగమని ఐదు నెలలు బుజ్జగించి పెంచారు. ల్యాబులో దాన్ని చిప్పు అంటారు. వేడి చేసిన బీరువా లాంటి ఇంక్యుబేటరులో అలాంటివి ఎనిమిది, పదకొండు నుంచి పద్దెనిమిది వరకు నంబర్లతో ఉన్నాయి. ఏ నంబరు గుండె ఎవరిదో ల్యాబులో ఎవరికీ తెలియదు. ఆ జాబితా ఆస్పత్రిలో ఉంటుంది.

పోయింది పదిహేడు. ఆ నంబరు మనిషికి గుండె లయ తప్పే జబ్బట. దానికి రెండు మందులున్నాయి. ఒకరిని బతికించేది ఇంకొకరికి విషమవుతుంది, ఎవరికేదో మనిషిని చూసి చెప్పలేరు. అందరికీ ముందుగా ఇచ్చే మందునే ఆస్పత్రివాళ్లు నాలుగు రోజుల క్రితం మొదలుపెట్టారు. ఈ సాయంత్రం ఆరింటికి మోతాదు రెట్టింపు చేస్తారు. ఈలోగా చిప్పులోని రెండు గదుల్లో రెండు మందులూ పంపి, ఏది పడుతుందో ల్యాబు కబురు చెప్పాలి. చిప్పుకి ఒంటి వేడి తగ్గకూడదు, ఆహారం అందాలి. బయట పడేస్తే మూడు నాలుగు గంటల కంటే బతకదు.

"అంటే ఊళ్లో ఎవరో ఒకరు, పేరు తెలియని మనిషి, సాయంత్రం ఆరింటికి గుడ్డిగా ఆ మాత్ర మింగుతారన్నమాట," అన్నాను.

"మింగుతారు," అంది ప్రొఫెసరమ్మ.

బావ కిటికీ వైపు తిరిగాడు.

ఆయన అనుమానం ఆ చిప్పుని పెంచిన స్కాలరమ్మాయి మీద. రెండు రోజుల క్రితం పరిశోధన వ్యాసంలో తన పేరు మూడో చోట వేశారని ఆమె ప్రొఫెసరమ్మతో గొడవపడింది. ఇది నా చేతుల్లో పెరిగింది, మీ చేతుల్లో కాదని వరండా అంతా వినేలా అంది. ఇక తలుపు కార్డుల జాబితా. స్కాలరమ్మాయి పదకొండూ నలభైకి లోపలికెళ్లింది, పదకొండూ యాభై రెండుకి బయటికొచ్చింది. పన్నెండింటికి కింది హాల్లో నలభై మంది ముందు ఉపన్యాసం మొదలుపెట్టింది. టెక్నీషియను పన్నెండూ ఇరవై నాలుగుకి వెళ్లి పన్నెండూ ముప్ఫై ఏడుకి వచ్చాడు. ఒకటీ ఐదుకి ప్రొఫెసరమ్మ వెళ్లి చూస్తే పదిహేడు చోటు ఖాళీ. టెక్నీషియను చూడకుండానే రిజిస్టరులో టిక్కు పెట్టానని ఒప్పుకున్నాడు. కాబట్టి పిల్ల పదకొండూ యాభై రెండుకి చిప్పు తీసుకుని, హాలుకి వెళ్లే ఎనిమిది నిమిషాల్లో ఎక్కడో దాచింది. ఇదీ బావ కథ. సాఫుగా ఉంది, అక్క ఇస్త్రీ చేసిన ఆయన చొక్కాలాగా.

స్కాలరమ్మాయిని పక్క గదిలో కూర్చోబెట్టారు. ఏడవడం అప్పటికే అయిపోయి, మొహం కడుక్కుని ఉంది. గొడవ నిజమేనని చెప్పింది. ఆ కోపంతోనే నిన్న వ్యాసం చింపేద్దామనుకుందట. చిప్పు మీదికి మాత్రం మనసు పోలేదంది. చంటిపిల్ల ఎవరి ఇంటిపేరు పెట్టుకోవాలని పెద్దవాళ్లు కొట్టుకుంటే, ఆ కోపంలో పిల్లని ఎవరైనా పారేస్తారా అండీ అంది. నేను అడగకుండానే ఇంకో సంగతి చెప్పింది.

"ఇన్‌స్పెక్టరు గారు రాగానే అదెక్కడుందని అడగలేదండీ. ఇంకా బతికుంటుందా అని అడిగారు. పాపం మంచాయన అనుకున్నాను. ఆ తర్వాత నా బ్యాగు బోర్లించారు."

నాకు నవ్వొచ్చింది. బావకి వస్తువుల మీద జాలి ఎప్పటి నుంచో తెలియదు గాని, వయసు మీద పడుతోంది కదా అనుకున్నాను. మనుషులు దాచేవాటిని వాసన పట్టడమే నా బతుకుతెరువు. రోజూ చూసే మొహాల దగ్గర మాత్రం ఆ ముక్కు పనిచేయదు. ఇష్టమైనవాళ్లని మనం చూడం, గుర్తుపడతాం. అంతే.

ల్యాబులోకి వెళ్లాను. ఇంక్యుబేటరు పక్క అరలో ఎనిమిది చిన్న పంపులు వరసగా ఉన్నాయి. ఒక్కొక్క దానిలో గులాబీ రంగు ద్రవం నింపిన సిరంజి. పంపు దాన్ని కంటికి కనపడనంత నెమ్మదిగా నొక్కుతుంటుంది. చిప్పులకి అదే అన్నం. ఏడు పంపులు తిరుగుతున్నాయి. పదిహేడుది ఆగి ఉంది. గొట్టం చివర క్లిప్పు పెట్టి ఉంది. కింద ఒక్క చుక్క కూడా కారలేదు. కారినా స్పిరిటు దూదితో తుడిచేసి ఉన్నారు, ఆ దూది పక్కనే చెత్త డబ్బాలో ఉంది. దొంగ అన్నవాడు పీక్కుని పోతాడు. ఇక్కడెవరో నిద్రపోతున్న బిడ్డని ఉయ్యాల్లోంచి ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు.

ఈ సిరంజి పొద్దున ఎన్నింటికి పెట్టారని స్కాలరమ్మాయిని అడిగాను. సరిగ్గా ఆరింటికి తనే నింపానంది. పది మిల్లీలీటర్లు, గంటకి ఒకటి చొప్పున వెళ్తుంది. నేను వంగి సిరంజి మీది గీతలు చూశాను. మూడున్నర మిగిలింది.

"బావా, ఇలా రా. పది నుంచి మూడున్నర తీసేస్తే?"

"నాకు లెక్కల పరీక్షా?"

"ఆరున్నర. పొద్దున ఆరింటికి ఆరున్నర కలుపు. ఈ పంపు పన్నెండున్నర దాకా తిరిగింది. అప్పటికి ఈ పిల్ల అరగంట నుంచి నలభై మంది ముందు మాట్లాడుతోంది."

బావ సిరంజి చూశాడు, నన్ను చూశాడు. పంపు దానంతటది ఎప్పుడైనా ఆగి ఉండొచ్చన్నాడు. దానంతటది ఆగిన పంపు క్లిప్పు కూడా పెట్టుకుంటుందా అన్నాను. నీతో ఇదే బాధరా అన్నాడు. బాధ అన్నది ఊతపదం కాదన్నట్టు పలికాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నుదుటి మీద చెమట ఉంది. నేను గెలిచినప్పుడు బావ మొహం ఎర్రబడుతుంది. ఆ రోజు తెల్లగా అయింది.

గోడకి రిజిస్టరు వేలాడుతోంది. దాన్ని రాసేది టెక్నీషియను. అందరూ ఆయన్ని బాబాయి అంటారు. ఇరవై ఆరేళ్లుగా రోజుకి నాలుగుసార్లు కణాలకి ఆహారం చూసేది ఆయనే. ప్రతి నంబరు పక్కన టిక్కు పెట్టి ఊరుకోడు, ఒక మాట కూడా రాస్తాడు. కులాసా. కొంచెం నీరసం. పొద్దున్నుంచి అలక. నేను పేజీలు వెనక్కి తిప్పుతూ పోయాను. నాకు ఆ మనిషి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఎవరూ చదవని చోట ఎవరి కోసమో ఉత్తరాలు రాసుకునే మనిషి.

ఈ రోజు పన్నెండున్నర వరసలో ఆరు నంబర్ల పక్కన కులాసా అని ఉంది. పదిహేను పక్కన, పదిహేడు పక్కన టిక్కు ఒక్కటే. మాట లేదు.

పదిహేడు సంగతి సరే, పదిహేనుకేమైందని స్కాలరమ్మాయిని అడిగాను. ఆమె ఇంక్యుబేటరు తెరిచి ఆ చిప్పు నుంచి వచ్చే ద్రవం పట్టే సీసాని వెలుతురుకి ఎత్తింది. గులాబీ రంగు పసుపుకి తిరిగి, లోపల సన్నటి మబ్బులాంటిది కట్టింది. ఆమె చెయ్యి ఆగిపోయింది. పక్క సీసాలు ఎత్తింది. పద్నాలుగు, పదహారు కూడా అప్పుడే రంగు మారుతున్నాయి.

"బూజు పట్టింది మేడమ్," అంది.

ప్రొఫెసరమ్మ కళ్లజోడు తీసి పెట్టుకుంది. ఆవిడ వెనక తలుపు మీద ఆవిడ చేత్తోనే రాసి అంటించిన కాగితం ఉంది: ఒకటి చెడితే అన్నీ బ్లీచింగులోకే, మినహాయింపు లేదు. నాలుగేళ్ల క్రితం ఒక్క గిన్నెని వదిలేస్తే మొత్తం ల్యాబు పోయిందట, అప్పటి నుంచి ఆ నియమం. మిగతావాళ్లకి తొందర లేదు, దాచిన కణాలతో మళ్లీ పెంచుకోవచ్చు అని తనకి తానే చెప్పుకుంటున్నట్టు అంది. గడువున్నది పదిహేడుకి ఒక్కదానికే.

"ఈ మబ్బు పన్నెండున్నరకి బాబాయి గారి కంట పడితే, ఆయన వచ్చి మీకు చెప్తే, ఏం చేసేవారు?" అని అడిగాను.

"ఒంటిగంటకల్లా ఎనిమిదీ బ్లీచింగులో ఉండేవి." ఆ మాట పూర్తవకముందే ఆవిడ మొహం మారింది.

బాబాయిని పిలిపించారు. సన్నటి మనిషి, తెల్లకోటు మెడ దాకా బొత్తాలు పెట్టుకుని ఉన్నాడు. ఆ గదిలో ఫ్యాను లేదు, మేమందరం చెమటలు కక్కుతున్నాం. బావ అదే ప్రశ్న మళ్లీ అడిగాడు. ఆయన అదే జవాబు చెప్పాడు, చూడకుండా టిక్కు పెట్టానని. ఇరవై ఆరేళ్లలో ఎన్నిసార్లు అలా పెట్టారని నేనడిగితే తల దించుకున్నాడు. తన మీద తానే అబద్ధం చెప్పుకునే మనిషికి ఉండే సిగ్గు అది. తప్పు చేసిన సిగ్గు ఇంకోలా ఉంటుంది.

బావ మధ్యలో మంచినీళ్లు అడిగాడు. బాబాయి తన సీసా తీసి, ఒక్క చేత్తో మూత తిప్పలేక, పంటితో వదులు చేసి ఇచ్చాడు. బావ జేబులోంచి మాత్రల అట్ట తీసి, తెల్లటిది ఒకటి వేసుకున్నాడు. గడియారం రెండూ నలభై ఐదు చూపిస్తోంది.

"గ్యాసు," అన్నాడు నా వైపు చూడకుండా.

అక్క వంటని నిందించకు అన్నాను. అట్ట మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

తర్వాత వాంగ్మూలం కాగితం బాబాయి ముందు పెట్టి సంతకం చెయ్యమన్నాడు. బాబాయి కలం పట్టాడు. కాగితం జారింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది. ఎవరైనా రెండో చేత్తో కాగితాన్ని అదిమి పట్టుకుంటారు. ఆయన ఎడమ చెయ్యి పక్కటెముకలకి అతుక్కునే ఉంది. ఆ గదిలోకి వచ్చినప్పటి నుంచి అక్కడి నుంచి కదలలేదు.

"బాబాయ్, ఆ ఎడమ చెయ్యి ఒకసారి పైకెత్తండి," అన్నాను.

ఆయన కలం కింద పెట్టాడు.

"ఎత్తితే చల్లారిపోతుంది బాబూ," అన్నాడు.

తర్వాత ఆయనే కోటు పై బొత్తాలు రెండు విప్పాడు. చంక కింద, బనీను లోపల, శుభ్రమైన గుడ్డలో చుట్టిన చిన్న గాజు డబ్బా. దాని మధ్యలో, రెండు గొట్టాలకీ క్లిప్పులు పెట్టి, పదిహేడో నంబరు. రెండుంపావు గంటలుగా ఒక గుండె ఇంకో గుండె పక్కన పడుకుని ఉంది.

పక్క భవనంలో పాత ఇంక్యుబేటరు ఉందట. అక్కడ పెట్టి వచ్చి, పదిహేను సంగతి అప్పుడు చెబుదామనుకున్నాడు. ముందు మిగతా గదుల్లోని కణాలకి ఆహారం చూసి, చేతులు కడుక్కుని బయలుదేరేసరికి మెట్ల దగ్గర గార్డు నిలబడ్డాడు. అమ్మాయి ఉపన్యాసంలో ఉందని అందరికీ తెలుసు కాబట్టి ఆమెకేమీ కాదనుకున్నాడు. ఇన్‌స్పెక్టరు ఇంత తెలివి తక్కువవాడని తెలియదు అనబోయి, నాలిక కరుచుకున్నాడు.

"అనండి, పర్లేదు," అన్నాడు బావ. ఆయన కళ్లు గాజు డబ్బా మీదే ఉన్నాయి. "బతికుందా?"

అదే ప్రశ్న. స్కాలరమ్మాయి చెప్పినదే. నాలో ఏదో చిన్నగా కదిలింది గాని, దానికింకా రూపం రాలేదు.

మూడూ ఐదుకల్లా పక్క గదిలోని మైక్రోస్కోపు కింద, వేడి పలక మీద చిప్పుని పెట్టారు. స్కాలరమ్మాయి కొత్త సిరంజి తగిలించింది. ప్రొఫెసరమ్మ మారు మాట్లాడకుండా పక్కన నిలబడి క్లిప్పులు తీసి ఇచ్చింది. ఆ ఇద్దరి చేతులూ గొడవ సంగతి మరిచిపోయినట్టున్నాయి. తెర మీద బూడిద రంగు కండరం కనిపించింది. ఒక్క క్షణం కదలలేదు. తర్వాత ముడుచుకుంది, విప్పారింది, మళ్లీ ముడుచుకుంది. బాబాయి దగ్గరికొచ్చి చూసి, పది దెబ్బలు లెక్కపెట్టి, కులాసా అన్నాడు. స్కాలరమ్మాయి ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. బూజు దీనికి అంటలేదని తేల్చడానికి ఇంకో పది నిమిషాలు పట్టింది. ప్రొఫెసరమ్మ తలుపు దగ్గరికెళ్లి ఆ నియమం కాగితం చూసింది. చింపలేదు గాని, కింద పెన్సిలుతో ఏదో రాసింది.

మూడూ ఇరవైకి మందులు వదిలారు. ఎడమ గదిలోకి ఆ మనిషి ఇప్పుడు వేసుకుంటున్న మందు, కుడి గదిలోకి రెండోది. రెండు గదులూ నిమిషానికి యాభై నాలుగు చొప్పున కొట్టుకుంటున్నాయి. బావ నా వెనక నిలబడ్డాడు. వెళ్లిపోవచ్చు కదా, కేసు తేలింది కదా అన్నాను. చూసి వెళ్తానన్నాడు.

ఏడో నిమిషంలో ఎడమ గది ఒక దెబ్బ తప్పింది. తొమ్మిదో నిమిషంలో రెండు తప్పింది. ఆ తర్వాత దెబ్బలు దెబ్బల్లా లేవు. కండరం అంతా చలి పట్టినట్టు వణికింది. కుడి గది మాత్రం తన మానాన తాను, తాపీగా, గోడగడియారంలా కొట్టుకుంటూనే ఉంది.

"రెండోది పడుతుంది," అంది స్కాలరమ్మాయి. గొంతులో సంతోషం. "మొదటిది వెంటనే ఆపేయాలి. ఆరింటి దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే చెబుదాం. ఈ మధ్యాహ్నం మోతాదు వేసుకోకపోతే బాగుండును."

"ఆ మందు," అన్నాడు బావ. ఆగాడు. "తెల్లగా ఉంటుందా? మధ్యలో గీతతో?"

ఆమె వెనక్కి తిరిగింది. "మీకెలా తెలుసు?"

బావ జేబులోంచి మాత్రల అట్ట తీసి మైక్రోస్కోపు పక్కన పెట్టాడు. దానితో పాటు మడతలు పడ్డ ఆస్పత్రి చీటీ ఒకటి బయటికొచ్చింది. పేరు లేదు. నంబరు ఒక్కటే ఉంది.

మెట్ల మలుపులో ఎవరూ మాట్లాడని ఫోను. సబ్‌ఇన్‌స్పెక్టర్ని పంపకుండా తనే రావడం. మోచేతి లోపలి మచ్చ. గోరంత చర్మం. ఆరు నెలలుగా ప్రతి ఆదివారం నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్న మనిషి. బాబాయి రిజిస్టరులో రెండు ఖాళీలు పట్టుకున్నవాణ్ణి, ఈయన మాటల్లో ఇన్ని ఖాళీలుంటే వెక్కిరిస్తూ కూర్చున్నాను. గడియారం చూశాను. మూడూ ముప్ఫై మూడు. గ్యాసు మాత్ర వేసుకుని నలభై ఎనిమిది నిమిషాలు.

"ఎంతసేపటికి పనిచేస్తుందమ్మా ఇది, మనిషిలో?" అని అడిగాడు బావ. మర్యాదగా, దారి అడుగుతున్నట్టు.

"గంటకి," అంది ఆమె.

బాబాయి అప్పటికే కుర్చీ తెచ్చి బావ వెనక పెట్టాడు. ప్రొఫెసరమ్మ ఆ రోజు మూడో ఫోను చేస్తోంది. అంబులెన్సు, మూడో అంతస్తు, పదిహేడో నంబరు ఇక్కడే ఉన్నాడు అంటోంది. నేను ఆయన పక్కన నేల మీద కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఇరవై రెండేళ్ల చుట్టరికంలో ఆ చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

"అక్కకి తెలుసా?"

"తెలిస్తే ఆదివారాలు ఇలా ఉండేవా?" అన్నాడు. కాస్త నవ్వాడు. "నువ్వే గెలిచావురా బామ్మర్దీ. మీ అక్క ముందు మాత్రం చెప్పకు."

"మాట్లాడకు బావా. నాడి లెక్క తప్పుతుంది."

నా వేళ్ల కింద మణికట్టు వెచ్చగా ఉంది. తెర మీద కుడి గది కొట్టుకుంటోంది, ఎడమ గది వణుకుతోంది. నేను రెంటినీ చూడకుండా కళ్లు మూసుకున్నాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు, ఐదు, ఆరు వరసగానే వచ్చాయి.

ఏడో దాని కోసం ఆగాను.